ఒక యాప్‌లో 40 సెం.మీ., ఇంకోదాంట్లో 8: స్కీ ట్రిప్‌కి ఏది నమ్మాలి?

కొత్తవాలు (స్కీ ఫోరంలో ప్రశ్న; ఇక్కడివన్నీ సభ్యుల మారుపేర్లు):
ట్రిప్‌కి ఇంకా ఎనిమిది రోజులుంది. రిసార్ట్ అడుగుభాగం 1400 మీటర్లు, పై లిఫ్ట్ 2400 మీటర్లు. శనివారానికి ఒక యాప్ 40 సెం.మీ. కొత్త మంచు చూపిస్తోంది, ఇంకోటి 8 అంటోంది. ఆ 40 కూడా నిలకడగా లేదు. రాత్రి చూస్తే 40, పొద్దున్నకి 22, మధ్యాహ్నానికి మళ్లీ 35. కింద "ఫ్రీజింగ్ లెవెల్ 1800 మీ." అని ఉంది. అంటే 1800కి దిగువన అంతా వానేనా? రిసార్ట్ రిపోర్టులో మాత్రం "60/140, గత 24 గంటల్లో 0" అని ఉంది. మా గుంపులో సగం మంది ఇప్పుడే నేర్చుకుంటున్నారు. క్యాన్సిల్ చేసుకోవడానికి మూడు రోజుల ముందు వరకు గడువుంది.

ఎత్తుపల్లాలు:
ఎనిమిది రోజుల ముందు సెంటీమీటర్ల జోలికి పోకండి. అంత ముందుగా చెప్పగలిగేది "శుక్ర, శనివారాల్లో తడి గాలులు రావచ్చు" అన్నంతవరకే. చాలా యాప్‌లు అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ నుంచో, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ నుంచో (రెండూ వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు) అంకెలు తీసుకుంటాయి. జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు కొత్తగా లెక్క వేస్తుంది. ప్రతిసారీ తుఫాను దారి కాస్త అటూ ఇటూ జరుగుతుంది. మీ 40, 22, 35 కథ అదే.

ఒక్క అంకె బదులు ఎన్‌సెంబుల్ గ్రాఫ్ చూడండి. ఆరంభ పరిస్థితుల్ని కొద్దికొద్దిగా మార్చి ఒకే మోడల్‌ని చాలాసార్లు నడుపుతారు, యూరప్ మోడల్‌లో అలా 51 గీతలుంటాయి. వాటిలో 45 గీతలు మంచు చూపిస్తే ఏదో ఒకటి పడుతుందని నమ్మొచ్చు. సగం గీతలు సున్నా, సగం 50 అంటే సగటు 25 అవుతుంది కానీ, నిజంగా 25 పడే అవకాశమే అన్నిటికన్నా తక్కువ. కొన్ని యాప్‌లు మీకు చూపించేది ఆ 25నే కావచ్చు.

రెండో సంగతి కొండ ఎత్తు. మోడల్ నేలని గడులుగా విడగొట్టి లెక్క వేస్తుంది; జీఎఫ్‌ఎస్ గడి దాదాపు 13 కి.మీ., యూరప్‌ది 9 కి.మీ. అంత పెద్ద గడిలో శిఖరాలూ లోయలూ కలిసిపోయి, మోడల్‌లోని కొండ అసలు కొండకన్నా వందల మీటర్లు పొట్టిగా ఉంటుంది. ఫోన్‌లో ఉండే మామూలు వెదర్ యాప్ ఏ ఎత్తుకి చెబుతోందో కూడా తెలియదు. అడుగు, మధ్య, పైభాగం విడివిడిగా ఎంచుకోనిచ్చే సైట్ వాడండి.

8కీ 40కీ తేడా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. మోడల్ ఇచ్చేది నీళ్ల లెక్క, మిల్లీమీటర్లలో. 1 మి.మీ. నీళ్లకి 1 సెం.మీ. మంచు అనేది మోటు లెక్క. సున్నాకి దగ్గర్లో పడే తడి మంచు 0.5 నుంచి 0.7 సెం.మీ. మించదు. మేఘంలో మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల మధ్య పెద్ద నక్షత్రపు రేకులు తయారవుతాయి. అవి గాలికి విరగకుండా కిందికొస్తే 1.5 సెం.మీ. పైనే పేరుకుంటుంది. అంటే అదే 20 మి.మీ. నీళ్లకి ఒకచోట 12 సెం.మీ., ఇంకోచోట 30. కాబట్టి మిల్లీమీటర్లూ ఉష్ణోగ్రతా పక్కపక్కన పెట్టుకుని మీరే లెక్కేయండి.

తడిమంచు:
ఫ్రీజింగ్ లెవెల్ అంటే గాలి 0 డిగ్రీలుండే ఎత్తు. మంచు రేకు కరగడానికి కొంత దూరం పడుతుంది కాబట్టి మంచు, వాన విడిపోయే గీత సాధారణంగా 200–300 మీటర్లు కిందే ఉంటుంది. మీ 1800కి 1500, 1600 వరకు మంచు, 1400 దగ్గర వానో, వానా మంచూ కలిసిన చిత్తడో.

ఇందులో మెలికలున్నాయి. జోరుగా పడితే కరిగే మంచు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేస్తుంది. ఇరుకు లోయల్లో గీత ఇంకా కొన్ని వందల మీటర్లు దిగిపోవచ్చు. గాలి పొడిగా ఉన్నా అంతే, ప్లస్ 2లో కూడా మంచే పడొచ్చు. సన్నటి తుంపరకి మాత్రం ఇలా జరుగుతుందని ఆశపడొద్దు.

గంటల వారీ ఫోర్‌కాస్ట్‌లో ఆ లెవెల్ ఎటు కదులుతోందో తప్పక చూడండి. 1800 నుంచి 1000కి దిగుతుంటే మంచిది. ముందు బరువైన మంచు పడి నేలకి అంటుకుంటుంది, పైన తేలికైనది కూర్చుంటుంది. 1000 నుంచి 2200కి ఎక్కుతుంటే పౌడర్ (తేలికైన కొత్త మంచు) మీద వాన పడుతుంది, రాత్రికి గడ్డకట్టి గాజు పెంకులా తయారవుతుంది. మొత్తం పడింది రెండుసార్లూ ఒకటే కావచ్చు, స్కీయింగ్‌కి మాత్రం పోలికే లేదు.

గాలివాటు:
60/140 అంటే అడుగున 60 సెం.మీ., పైన 140 సెం.మీ. మొత్తం లోతు. కొత్త మంచు కాదు. "24 గంటల్లో 0" చూసి దిగులుపడక్కర్లేదు. చలి నిలిచి, రోజూ గ్రూమింగ్ (యంత్రంతో మంచు చదును చేయడం) జరిగే చోట నేర్చుకునేవాళ్లకి 40 సెం.మీ. కొత్త మంచుకన్నా ఇదే హాయి. లోతు అంకెకన్నా ఎన్ని లిఫ్టులు, ఎన్ని రన్‌లు (స్కీ దారులు) తెరిచారు, చివరిసారి మంచు ఎప్పుడు పడింది, ఆ తర్వాత వాన పడిందా అనేవి ఎక్కువ చెబుతాయి.

అందరూ మరిచిపోయేది గాలిని. గంటకు 25–30 కి.మీ. దాటితే వదులు మంచు కదలడం మొదలవుతుంది. గాలికి ఎదురున్న వాలు గీకేసినట్టవుతుంది, చాటు వాలులో రెట్టింపు పేరుకుంటుంది. ఈదురుగాలులు 70–80 దాటే రోజు పై లిఫ్టులు ఆపేస్తారనే అనుకోండి. 40 సెం.మీ. పడినా జనమంతా కింది లిఫ్టుల దగ్గరే క్యూ కడతారు. మేఘం కమ్మితే చెట్ల మధ్య రన్‌లకి వెళ్లండి, చెట్లు లేనిచోట ఎత్తుపల్లం కంటికి ఆనదు.

సీజన్ చివరైతే రాత్రి ఆకాశం చూడండి. నిర్మలంగా ఉంటే పొద్దున్నే మంచు గట్టిగా ఉంటుంది, ఎండ తగిలే తూర్పు వాలు ముందు, తర్వాత దక్షిణం, ఆపైన పడమర మెత్తబడతాయి (ఉత్తరార్ధగోళంలో). రాత్రంతా మబ్బుంటే సరిగ్గా గడ్డకట్టదు, ఉదయం నుంచే బురదలా ఉంటుంది.

కొత్తవాలు:
గడువు రోజున ఏమేం చూడాలి? పైన గుర్తులు పెట్టిన దారి వదిలి పౌడర్‌లోకి వెళ్లాలని ఇద్దరు ఉబలాటపడుతున్నారు, దాని సంగతి కూడా చెప్పండి.

ఎత్తుపల్లాలు:
మూడు రోజుల ముందు అంటే బాగానే ఉంది, అప్పటికి కొన్నిచోట్ల ఆ ప్రాంతపు హై రిజల్యూషన్ (చిన్న గడుల) మోడల్స్ అందుబాటులోకి వస్తాయి. వాటితోపాటు స్థానిక వాతావరణ శాఖ మాటల్లో రాసే ఫోర్‌కాస్ట్ చదవండి, అక్కడి లోయల తీరు తెలిసినవాళ్లు రాసేది అది. పగలు కూడా ఫ్రీజింగ్ లెవెల్ 1400కి దిగువనే ఉండి, పైన గాలి 40 లోపుంటే మంచు 5 సెం.మీ. పడినా వెళ్లండి. వాన 2000 దాకా ఎక్కేలా ఉండి, వెంటనే చలి వస్తుంటే ఆ వారాంతం నేర్చుకునేవాళ్లకి నరకం. నేనైతే మార్చుకుంటాను.

గాలివాటు:
ఆ ఇద్దరికీ: గుర్తులు పెట్టిన రన్‌ల బయట ఏముందో స్నో రిపోర్టు చెప్పదు. దానికి మంచుచరియల బులెటిన్ వేరేగా ఉంటుంది, ప్రమాద స్థాయి 1 నుంచి 5 వరకు. 3 అంటే మధ్యస్థం అనుకుంటారు. ప్రాణాలు పోయే ప్రమాదాల్లో పెద్ద వాటా ఆ 3 రోజుల్లోనే. కొత్త మంచు, దాని మీద గాలి, 30–45 డిగ్రీల వాలు కలిసిన చోటు అన్నిటికన్నా ప్రమాదం. ట్రాన్సీవర్ (మంచులో కూరుకుపోయినవాళ్లని సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార గుంపులో ఒకరి దగ్గరుంటే చాలదు, ప్రతి ఒక్కరి ఒంటి మీదా ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి. లేకపోతే రన్ అంచు తాడు దాటొద్దు.