అక్షిణి అంటే ఏమిటండీ? (ఆషాఢంలో పని లేనిదాని సందేహం)

టెంపరరీ_సీటు:
కోనసీమలో ఓ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆరు నెలలకి కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. సీటు నాది కాదు, మెటర్నిటీ లీవులో ఉన్న మేడంగారిది. సొరుగు తీస్తే ఆవిడ రబ్బరు బ్యాండ్లు, బొట్టుబిళ్లల అట్ట, సగం తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు ఉన్నాయి. పదిహేను రోజులు ఆ ప్యాకెట్టు ముట్టుకోలేదు. ఇవాళ రెండు తిన్నాను. మెత్తబడిపోయాయి.

ఆషాఢం కదా, ఆఫీసుకి పురుగు కూడా రావట్లేదు. మొన్న శుక్రవారం లోను తొందర మీద ఇద్దరొచ్చారు. వాళ్లు కూడా రాహుకాలం దాటాలని పదిన్నర నుంచి పన్నెండు దాకా మెట్ల మీదే కూర్చున్నారు. పన్నెండూ ఒకటికి లోపలికొచ్చారు, సర్వర్ పోయింది. పంచాంగంలో దానికీ ఓ కాలం రాస్తే బాగుండును.

ఖాళీగా ఉంటే పాత వాల్యూములు తీసి, నంబర్లు ఇండెక్సుతో సరిచూడమన్నారు. నేను నంబర్లు వదిలేసి దస్తావేజులు చదువుతున్నాను. 1961లో ఒక కొబ్బరి దొడ్డి అమ్మకం, ‘య 0-37 సెంట్లు’ (య అంటే ఎకరాలు). చేత్తో రాసిన ముత్యాల్లాంటి అక్షరాలు. తూర్పు పంటబోదె, దక్షిణం పుంత (బండి దారి), పడమర ఫలానా వారి దొడ్డి. ఉత్తరం చింతచెట్టు. అంతే! ఒక్క చెట్టు హద్దెలా అవుతుందండీ? అది గాలివానకి పడిపోతే ఉత్తరం ఎక్కడికి పోవాలి? టీ చల్లారిపోయేదాకా ఇదే ఆలోచించాను. అందులోనే స్టాంపుల దగ్గర ‘నయా పైసలు’ అని ఉంది. 1964 దాటాక చూస్తే నయా ఎగిరిపోయి ఉత్త పైసలే మిగిలాయి. మా అటెండరుగారు మాత్రం నన్నింకా కొత్తమ్మాయిగారూ అనే పిలుస్తున్నారు.

ఊరుకోలేక చిత్తు కాగితం మీద నా సీటుకి కూడా షెడ్యూలు (దస్తావేజులో ఆస్తి హద్దులు రాసే భాగం) రాశాను:
తూర్పు: ప్రింటరు, ఇరుక్కున్న కాగితంతో సహా
దక్షిణం: ఇనప బీరువా, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు
పడమర: చెమ్మ గోడ
ఉత్తరం: అందరూ నడిచే ఉమ్మడి దారి
ఈ మధ్యన గల ఒక చక్రం లేని కుర్చీ.

సీనియర్ అసిస్టెంటుగారు వెనక నుంచి చూసేశారు. గుండె ఆగినంత పనైంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ‘విస్తీర్ణం రాయలేదేం?’ అని వెళ్లిపోయారు.

సరే, అసలు సందేహం. అమ్మకం దస్తావేజుల్లో ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనెడు అష్టభోగ స్వామ్యములతో’ అని వస్తుంది. మొదటి నాలుగూ తెలిశాయి. అక్షిణి అంటే ఏమిటి? కన్నా? ఆఫీసులో అందరినీ అడిగాను. రోజూ చదివేవాళ్లే, ఒక్కరూ చెప్పలేదు. అలాగే, సర్వర్ లేనప్పుడు మీ బుర్రలు ఎక్కడెక్కడ తిరుగుతాయో కూడా చెప్పండి.

లేఖరి_మావయ్య:
కన్ను కాదమ్మాయ్. అక్షిణి అంటే క్షయం లేనిది, తరగకుండా ఇప్పుడు వస్తున్న ఫలం. ఆగామి ఇకముందు రాబోయేది. సిద్ధం ఈసరికే సాగై చేతికొచ్చినది, సాధ్యం కష్టపడితే రాబట్టుకోగలిగినది. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశాను. అర్థం తెలియకుండా రాసినా ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఒక్క మాట వదిలేస్తే పార్టీ మీదికొచ్చేవాడు. ఇక చింతచెట్టంటే చెట్టొక్కటే కాదు, అదున్న గట్టు అని. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే కోర్టు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతుంది. ఆ చెట్టుని తక్కువ చెయ్యకు.

లిఫ్టు_పక్కన:
మాదాపూర్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటా, నాదీ మూడు నెలల కాంట్రాక్టే. లిఫ్టు బటన్‌లో లైటు వెలుగుతున్నా మళ్లీ నొక్కేవాళ్లని లెక్కపెడతా. ఈ రోజు 47. ఒకాయన గొడుగు కొసతో నొక్కాడు, ఆయన్ని కలపాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. అన్నట్టు మా దిక్కు సెంట్లు నడవవు, ఎకరానికి 40 గుంటలు. మీ కుర్చీ గుంటలో ఎన్నో వంతో చూసి చెప్పండి.

డ్యూటీ_ఫస్ట్:
జీతం పని చేయడానికి ఇస్తారు, ఇలా ఆలోచించడానికి కాదు.

టెంపరరీ_సీటు:
డ్యూటీ గారూ, ఏజెన్సీ నుంచి జీతం ఇంకా పడలేదండి. అందుకే ఉచితంగా ఆలోచిస్తున్నాను.

మావయ్యగారూ, చాలా థాంక్సండీ. అయితే నా సీటుకీ కొన్ని భోగాలున్నట్టే. బీరువాలో ఏముందో ఎవరికీ తెలియదు కనక అది నిక్షేపం, గోడలోంచి కారేది జలం, జీతం ఆగామి. మీరు చెప్పింది సీనియర్ అసిస్టెంటుగారికి వినిపించాను. ‘ఓహో’ అని, పాత క్యాలెండరు వెనక రాసి పెట్టుకున్నారు.

లిఫ్టు గారూ, గొడుగాయన్ని కలిపెయ్యండి. కుర్చీ తర్వాత కొలుస్తాను, శ్రావణం మొదటి శుక్రవారానికి అప్పుడే పద్నాలుగు స్లాట్లు బుక్కయ్యాయి. ఈలోగా బజారుకెళ్లి అలాంటి బిస్కెట్ల ప్యాకెట్టే ఒకటి కొనాలి, ఆయ్. సగం తినేసి సొరుగులో పెట్టాలి కదా.