మధ్యలోనే డేటాలోంచి వెళ్లిపోయిన పేషెంట్ల ఖర్చు ఎలా లెక్కగట్టాలి?

అందరికీ నమస్కారం. ఫార్మ్‌డీ చేసి, హైదరాబాద్‌లో హెల్త్ ఎకనామిక్స్ పనిలో చేరి రెండేళ్లయింది. అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ డేటాతో (వైద్య ఖర్చుల కోసం ఇన్సూరెన్స్ కంపెనీలకి వెళ్లే బిల్లుల రికార్డులతో) పని. రెండు షుగర్ మందుల్లో ఏది వాడినవాళ్లకి ఏడాదిలో మొత్తం వైద్య ఖర్చు తక్కువో తేల్చాలి.

చిక్కేమిటంటే, చాలామంది ఏడాది నిండకుండానే డేటాలోంచి మాయమవుతున్నారు. అక్కడ ఉద్యోగం మారితే చాలామందికి ఇన్సూరెన్సూ మారిపోతుంది కదా. వేరే ప్లాన్‌కి వెళ్లారో, ఆస్పత్రి బయట చనిపోయారో క్లెయిమ్స్ చూస్తే తెలియదు. మా సీనియర్ ఒకాయన ‘ఏడాది పూర్తిగా ఉన్నవాళ్లనే ఉంచు, గొడవ వదిలిపోతుంది’ అంటున్నారు. అలా చేస్తే జబ్బు ముదిరినవాళ్లే జారిపోతారేమోనని నా టెన్షన్. మిగిలిన నెలలకి సున్నా వేయడం ఇంకా తప్పు. కాప్లాన్-మేయర్‌లో (మధ్యలో వెళ్లిపోయినవాళ్లనీ కలుపుకుని, ఎంతమంది ఎంతకాలం బతుకుతారో అంచనా వేసే పద్ధతిలో) కాలం బదులు ఖర్చు పెట్టి చూశాను. తీరా చదివితే అది పనికిరాదట. నెలనెలా ఎక్కువ ఖర్చయ్యేవాళ్లు సెన్సార్ అయ్యేనాటికే (అంటే డేటాలోంచి వెళ్లిపోయేనాటికే) ఎక్కువ పోగేసి ఉంటారు కాబట్టి లెక్క పక్కకి పోతుంది. వారం రోజుల పని గంగలో కలిసింది.

ఇప్పుడు ఇన్వర్స్ ప్రాబబిలిటీ వెయిటింగ్ (వెళ్లిపోయినవాళ్ల లోటు పూడేలా, డేటాలో మిగిలినవాళ్లలో అలాంటివాళ్లకి ఎక్కువ వెయిట్ ఇవ్వడం) చేద్దామనుకుంటున్నాను. ఏడాదిని నెలలుగా విడగొట్టి వెయిట్లు వేయాలా, మొత్తం ఖర్చుకి ఒకేసారి వేసినా చాలా? అందరూ మందు కొన్నవాళ్లే, సున్నా ఖర్చువాళ్లు లేరు. కాబట్టి లాగ్ లింక్‌తో గామా మోడల్ (సున్నా కంటే ఎక్కువే ఉంటూ, కొందరికి మరీ పెద్దగా ఉండే ఖర్చుల్లాంటి అంకెలకి వాడేది) సరిపోతుందా? కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్‌కి (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే హద్దులకి) బూట్‌స్ట్రాప్ చేసేటప్పుడు, అంటే ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ శాంపిల్స్ తీసి లెక్కించేటప్పుడు, వెయిట్లు కూడా ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టాలా?

ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో ఇది చేసినవాళ్లుంటే కాస్త దారి చూపండి. సీనియర్‌ని నొప్పించకుండా ఎలా ఒప్పించాలో కూడా చెప్పండి, శుక్రవారమే మీటింగ్.