గుడ్డు బజ్జీకి పిండి పట్టడం లేదు, బండి వాళ్లు ఏం చేస్తారు?

కొత్తపేట కోడలు: మా వీధి చివర బండి మీద వేసే గుడ్డు బజ్జీ పైన కరకరలాడుతుంది, పిండి గుడ్డుని వదలదు. ఇంట్లో వేస్తే నూనెలో పడగానే పిండి ఒక పక్క, గుడ్డు ఒక పక్క. శనగపిండి, కొంచెం బియ్యప్పిండి, ఉప్పు, కారం, వాము, చిటికెడు సోడా, ఇంతే వేస్తున్నా. ఇంకేమైనా కలపాలా? పనిలో పనిగా మిగతా బండి గుడ్డు ఐటమ్స్ మీకెలా కుదిరాయో కూడా చెప్పండి.

గోదారి గట్టు: పిండిలో లోపం లేదండీ, తడితోనే గొడవంతా. ఉడికిన గుడ్డు అసలే నున్నగా ఉంటుంది, పైగా ఒలిచాక కడుగుతాం. పొడి బట్టతో తుడిచి, పొడి శనగపిండిలో దొర్లించి, ఎక్కువైంది దులిపేసి అప్పుడు ముంచండి. కలిపిన పిండి మిరపకాయ బజ్జీకంటే కాస్త చిక్కగా ఉండాలి. నూనెలో చుక్క వేస్తే వెంటనే పైకి తేలాలి, అంత కాగాలి.

మా రాజమండ్రి వైపు బజ్జీ దించాకే అసలు పని. మధ్యకి చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, ఉప్పు, కారం, వేయించిన పల్లీలు కూరి, పైన నిమ్మకాయ పిండుతారు. ఉల్లిపాయ ముందే తరిగి పెడితే నీరొదిలి బజ్జీ మెత్తబడుతుంది. తినే ముందు తరగండి.

సగం గుడ్డు: మొత్తం గుడ్డు వేసేవాళ్లు జాగ్రత్త. లోపలి ఆవిరికి దారి లేకపోతే నూనెలో టప్పున పేలుతుంది, మొహం మీద పడుతుంది. చాకుతో రెండు మూడు గాట్లు పెట్టండి. నేనైతే సగానికి కోసే వేస్తా, పచ్చసొన వైపు కూడా పొడి పిండి అద్ది. ఇంకోటి, మరీ తాజా గుడ్లు పెంకు సరిగా ఊడవు, తెల్లసొన చిరుగుతుంది. వారం పాటు ఫ్రిజ్‌లో ఉన్నవి మేలు.

కొత్తపేట కోడలు: తుడవడం నాకు తట్టనే లేదు! సోడా ఉంచాలా, తీసేయాలా?

గోదారి గట్టు: చిటికెడైతే ఉంచండి. ఎక్కువైతే నూనె పీల్చేస్తుంది.

నెల్లూరు కారం: ఎగ్ దోశ గురించి ఎవరూ అనలేదేం? ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కొంచెం చింతపండు నూరిన ఎర్రకారం ఉంటే సగం పని అయినట్టే. కిటుకంతా గుడ్డు ఎప్పుడు కొట్టాలన్నదే. దోశ పైన ఇంకా తడిగా ఉన్నప్పుడే కొట్టి, గరిటె వెనకతో పిండిలోకి పులిమేయాలి. దోశ కాలాక కొడితే ఆమ్లెట్ వేరుగా లేచొస్తుంది. కారం రాసి, నూనె చుట్టూ వేసి, తిరగేసి ఒక్క నిమిషం.

ఫ్రిస్కో వంటిల్లు: ఇక్కడ అమెరికాలో మాకు ఎగ్ ఫ్రైడ్ రైస్ ఒక్కటే టెన్షన్. మంట పెద్దది పెడితే పొగకి అలారం మోగుతుంది, తగ్గిస్తే అన్నం ముద్దవుతుంది. చివరికి తేలిందేమిటంటే, ఒక్కసారి ఒక ప్లేటుకి సరిపడానే వేయాలి. అన్నం పొడిపొడిగా వండి ఫ్రిజ్‌లో పెట్టి చల్లారాక వాడాలి. ఇనప మూకుడులో గుడ్డు ముందు వేయించి పక్కకి తీసి, చివర్లో కలుపుతా. సాస్‌లకంటే తెల్ల మిరియాల పొడే బండి వాసన తెస్తుంది. అజినొమోటో మీ ఇష్టం, దాని మీద ఇంకో చర్చ మొదలెట్టకండి బాబూ.

మగ్గం సూరత్: మావాళ్లు పవర్‌లూమ్ పని మీద తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ ఊళ్లో గుడ్డుతో చేయనిది లేదు. ఘోటాలా అని ఒకటుంది. వెన్నలో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి బాగా మగ్గనిచ్చి, ఉడికిన గుడ్లు కోరు పీటతో తురిమి కలుపుతారు. మీద పచ్చి గుడ్డు కొట్టి సగం ఉడికీ ఉడకంగానే కలిపి పావ్‌తో పెడతారు. చలికాలంలో పచ్చి వెల్లుల్లి ఆకు వేస్తే ఆ రుచే వేరు. వెన్నకి పిసినారితనం చేస్తే మాత్రం మామూలు పొరటే అవుతుంది.

కోవై తెలుగమ్మాయి: కోయంబత్తూరు కలక్కి ఇంకా తేలిక. గిలక్కొట్టిన గుడ్డులో రెండు చెంచాల సాల్నా (పరోటాతో ఇచ్చే పలచటి మసాలా పులుసు) కలిపి, బాగా కాలిన పెనం మీద పోసి, అంచులు వెంటనే లోపలికి మడిచేయాలి. అర నిమిషంలో దించేస్తారు, లోపల పలచగానే ఉంటుంది. చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ అలా పచ్చిగా పెట్టకండి.

సగం గుడ్డు: సాల్నా లేకపోతే రాత్రి మిగిలిన చికెన్ పులుసు పనికొస్తుందా అక్కా?

కోవై తెలుగమ్మాయి: భేషుగ్గా. ముక్కలు తీసేసి పులుసు మాత్రమే పొయ్యి. పులుసులో ఉప్పు ఉంటుంది కాబట్టి గుడ్డులో మళ్లీ వేయకు.