శిక్ష అనుభవించి వచ్చినవాడికి క్యాబ్ నడిపే అర్హత ఇవ్వాలా, వద్దా?

చర్చ మొదలు: 2024 మార్చి

ఉప్పల్_డ్రైవర్
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా క్యాబ్ నడుపుతున్నాను. మా బామ్మర్ది సంగతి మీ ముందు పెడుతున్నా. 2015లో ఊళ్లో పొలం గట్టు తగాదా అయింది. కోపంలో అవతలి మనిషిని గొడ్డలి తిరగేసి కొట్టాడు, చెయ్యి విరిగింది. తప్పే, కాదనను. కేసు ఆరేళ్లు నడిచింది. ఆ ఆరేళ్లూ బెయిల్ మీద ఉండి ఇక్కడే క్యాబ్ నడిపాడు. ఒక్క కంప్లైంట్ లేదు. 2021లో ఏడాది శిక్ష పడింది, అనుభవించి వచ్చాడు. ఇప్పుడు ఏ యాప్‌లో చేరబోయినా పోలీసు వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతోంది. కేసు నడుస్తున్నప్పుడు పనికొచ్చినవాడు శిక్ష పూర్తయ్యాక ఎందుకు పనికిరాడు? మీరే చెప్పండి.

గేర్_బాక్స్
ఇవ్వాలన్నా. శిక్ష ఒక్కసారే ఉండాలి.

ఎల్బీనగర్_అమ్మ
నేను వద్దంటాను. మా అమ్మాయి గచ్చిబౌలిలో పనిచేస్తుంది, షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. గంటసేపు కారులో ఒక్కతే ఉంటుంది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ కారులో ఏం జరిగిందో మర్చిపోయారా? ఆ డ్రైవర్ అంతకుముందే అత్యాచారం కేసులో జైల్లో ఉండి వచ్చినవాడు. అయినా బండి ఇచ్చారు. మనిషి మారాడో లేదో తెలుసుకోవడానికి మా పిల్లల్ని ఎక్కించి చూడాలా?

ఉప్పల్_డ్రైవర్
అమ్మా, ఆ కేసు నాకూ తెలుసు. ఆ వారమంతా మా బండ్లు ఎవరూ ఎక్కలేదు. కానీ పాత కేసులో అతనికి శిక్ష పడలేదు, కోర్టు కొట్టేసింది. అతను చూపించిన క్యారెక్టర్ సర్టిఫికెట్ నకిలీదని తర్వాత తేలింది. శిక్ష పడినవాళ్లను ఆపే నియమం అప్పుడు ఉన్నా అతణ్ని ఆపేది కాదు. ఆ పాపం మా బామ్మర్ది నెత్తిన ఎందుకు?

పాత_నల్లకోటు
ముందు నియమం ఏమిటో తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది. కేంద్రం 2020 నవంబరులో యాప్ క్యాబ్‌లకు మార్గదర్శకాలు ఇచ్చింది. గత ఏడేళ్లలో తాగి నడిపినందుకు గానీ, మోసం, లైంగిక నేరం, దొంగతనం, హింస లాంటి కాగ్నిజబుల్ నేరాల్లో (అంటే పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయగలిగేవాటిలో) గానీ శిక్ష పడినవారిని డ్రైవర్లుగా తీసుకోకూడదని అందులో ఉంది. ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఏడేళ్లు అన్నది శిక్ష పడిన రోజు నుంచి లెక్క, విడుదలైన రోజు నుంచి కాదు. అంటే హత్య కేసులో పదేళ్లు జైల్లో ఉండి నిన్న బయటికి వచ్చినవాడికి ఈ నియమం అడ్డు రాదు. ఏడాది జైల్లో ఉండి వచ్చిన మీ బామ్మర్ది మాత్రం 2028 దాకా ఆగాలి. నేరం ఎంత పెద్దదైతే బయట ఆగాల్సిన కాలం అంత తక్కువ!

మియాపూర్_మిత్రుడు
మరి ఎమ్మెల్యేలకు?

పాత_నల్లకోటు
వాళ్ల లెక్కే సరైన లెక్క. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే శిక్ష పడిన రోజు నుంచి అనర్హత, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు. విడుదల నుంచి లెక్కించడం అక్కడ కుదిరినప్పుడు ఇక్కడ ఎందుకు కుదరదు?

ఎల్బీనగర్_అమ్మ
లాయర్ గారూ, మీరు తేదీల దగ్గరే ఆగిపోయారు. నేను మనిషి గురించి అడుగుతున్నాను.

లెస్టర్_తెలుగువాడు
నేను ఇంగ్లండులో ప్రైవేట్ హైర్ కారు, అంటే ముందుగా బుక్ చేసుకునే టాక్సీ, నడుపుతాను. ఇక్కడ పద్ధతి చెబుతాను, పనికొస్తుందేమో. లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిల్. ఇక్కడి రోథర్‌హామ్ పట్టణంలో 1997 నుంచి 2013 మధ్య సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో జే నివేదిక (ప్రొఫెసర్ జే చేసిన విచారణ) చెప్పింది. అందులో టాక్సీ డ్రైవర్ల ప్రస్తావన చాలా ఉంది. తర్వాత 2020 జులైలో ప్రభుత్వం ప్రమాణాలు పెట్టింది. హింస నేరమైతే శిక్ష పూర్తయ్యాక పదేళ్లు, మోసం అయితే ఏడేళ్లు, తాగి నడిపితే కనీసం ఏడేళ్లు ఆగాలి. లైంగిక నేరమైతే అసలు ఇవ్వకూడదు. ఆరు నెలలకోసారి రికార్డు మళ్లీ చూస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు. లైసెన్సు ఇచ్చే అధికారి తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: నాకు కావలసినవాళ్లను ఏ వేళలోనైనా ఈ మనిషి బండిలో ఒంటరిగా పంపుతానా? పంపనంటే లైసెన్సు లేదు.

ఎల్బీనగర్_అమ్మ
నేను అడిగేదీ అదే ప్రశ్న. ఆ అధికారికి చేతులెత్తి దండం పెడతాను.

శని_ఆదివారాలు
నాకూ ఒక బాధ ఉంది. 2022 డిసెంబరు 31 రాత్రి బైక్ మీద పట్టుబడ్డాను. ఎవరినీ గుద్దలేదు, ఇంటికి కిలోమీటరు దూరం. రెండు రోజులు జైలు. ఉద్యోగం పోయింది. సెలవు రోజుల్లో క్యాబ్ నడుపుదామంటే 2030 దాకా కుదరదంటున్నారు. నన్నూ, ఆడవాళ్ల మీద చెయ్యి వేసినవాణ్నీ ఒకే గాటన కట్టడం న్యాయమా?

ఎల్బీనగర్_అమ్మ
బాబూ, మీరు అడుగుతున్నది బండి నడిపే ఉద్యోగం. మీరు చేసింది తాగి బండి నడపడం. మిగతా ఏ ఉద్యోగానికైనా అది చిన్న తప్పు కావచ్చు, దీనికి కాదు.

శని_ఆదివారాలు
ఒక్క రాత్రి మేడం. ఒకే ఒక్క రాత్రి.

పాత_నల్లకోటు
ఇంకో సంగతి. లైసెన్సు వేరు, యాప్‌లో చేరడం వేరు. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైసెన్సు రద్దు చేయడానికి అలవాటైన నేరస్తుడు, అలవాటైన తాగుబోతు లాంటి కారణాలు ఉండాలి. పాత శిక్ష ఒకటి ఉన్నంత మాత్రాన లైసెన్సు పోదు. ఇదివరకు టాక్సీ నడపాలంటే లైసెన్సుతో పాటు రవాణా శాఖ ఇచ్చే బ్యాడ్జి కావాలి. 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2018లో కేంద్రం చిన్న కార్లకు ఆ అవసరం తీసేసింది. అంటే ప్రభుత్వ అధికారి డ్రైవర్ ముఖం చూసే ఒక గుమ్మం పోయింది. ఇప్పుడు మిగిలింది కంపెనీ చూసే కాగితం.

గేర్_బాక్స్
అన్నా, ఇంతకీ మీ బామ్మర్ది ఇప్పుడేం చేస్తున్నాడు?

ఉప్పల్_డ్రైవర్
నడుపుతున్నాడు. ఏం చేయమంటారు? పక్కింటి కుర్రాడి ఐడీ తీసుకున్నాడు, నెలకు ఐదు వేలు అద్దె. ఇద్దరు పిల్లలు, స్కూలు ఫీజులు, బండి కిస్తీ. మీరు తలుపు మూస్తే కిటికీలోంచి దూరక తప్పుతుందా?

ఎల్బీనగర్_అమ్మ
ఏమన్నారు? ఇంత సేపూ న్యాయం, న్యాయం అని మాట్లాడింది మీరేనా? యాప్‌లో ఒక ముఖం, స్టీరింగ్ ముందు ఇంకో ముఖం! అది తెలిసి కూడా మీరు ఊరుకున్నారు!

ఉప్పల్_డ్రైవర్
ఊరుకోక? నా భార్య తమ్ముడు. పోలీసులకు పట్టివ్వమంటారా? కారులో ఎక్కి మీ పిల్ల ఇంటికి చేరుతుంది, దిగి వెళ్లిపోతుంది. ఆ నడిపినవాడి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో మీకు పట్టదు.

ఎల్బీనగర్_అమ్మ
పట్టకపోవడం కాదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు, ఇక్కడ చెబుతాను. కిందటి జులైలో మా అమ్మాయి ఎక్కిన క్యాబ్‌లో ఫోటోలో మనిషి వేరు, నడిపే మనిషి వేరు. ఓటీపీ చెప్పాకగానీ గమనించలేదు. అడిగితే 'మా తమ్ముడి ఐడీ' అన్నాడు. కాసేపటికి దారి మార్చాడు. 'మీ ఆయన ఎక్కడుంటాడు, ఇంట్లో ఎవరెవరుంటారు' అని మొదలుపెట్టాడు. వాంతి వస్తోందని చెప్పి నాగోలు మెట్రో దగ్గర దిగిపోయింది. మేము వెళ్లేదాకా ఇరవై నిమిషాలు వానలో, పిల్లరుకు ఆనుకుని నిలబడింది. కంప్లైంట్ చేస్తే ఆ కంపెనీ మాకు వంద రూపాయల కూపన్ పంపింది. ఆ స్క్రీన్‌షాట్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. అతను ఎవరో ఈ రోజుకీ తెలియదు.

మియాపూర్_మిత్రుడు
ఇది ముందే చెప్పాల్సింది మేడం.

ఉప్పల్_డ్రైవర్
అమ్మా, పెద్ద మాట అన్నాను. క్షమించండి. కానీ చూడండి, మీ పాపను భయపెట్టినవాడికి ఎప్పుడైనా శిక్ష పడిందో లేదో మీకు తెలియదు. మీరు భయపడాల్సింది పేరు లేకుండా తిరిగేవాడికి. మా బామ్మర్దిని తన పేరు మీద, తన ఫోటోతో నడపనివ్వండి. అప్పుడు తప్పు చేస్తే దొరుకుతాడు.

ఎల్బీనగర్_అమ్మ
సరే. నడపనివ్వండి. ఫోటో పక్కన '2021లో దాడి కేసులో శిక్ష పడింది' అని రాయండి. ఎక్కాలో వద్దో మేము చూసుకుంటాం.

ఉప్పల్_డ్రైవర్
అలా రాస్తే ఎవరెక్కుతారమ్మా? మీరు ఎక్కిస్తారా మీ పాపను?

ఎల్బీనగర్_అమ్మ
ఎక్కించను.

ఉప్పల్_డ్రైవర్
ఇదీ అసలు మాట. ఏడేళ్లు కాదు, ఇరవై ఏళ్లయినా మీకు చాలదు.

ఎల్బీనగర్_అమ్మ
అవును, చాలదు. మీ బామ్మర్ది మంచివాడే అయ్యుండొచ్చు. ఇంకే పనైనా చేసుకోనివ్వండి, సరుకు బండి నడుపుకోనివ్వండి. చంచల్‌గూడ దగ్గర జైళ్లశాఖ పెట్రోల్ బంకులో విడుదలైనవాళ్లు పనిచేస్తారు, నేను అక్కడే పెట్రోల్ పోయించుకుంటాను. నాకు ఏ భయమూ లేదు. చుట్టూ పదిమంది ఉంటారు కాబట్టి. కారులో అలా కాదు, తలుపు పడ్డాక ఇద్దరే.

లెస్టర్_తెలుగువాడు
ఇక్కడ ప్రయాణికుడికి పాత శిక్షలు చూపించరు. ఆ నిర్ణయం మా కౌన్సిల్ తీసుకుంటుంది, తప్పు జరిగితే జవాబు చెప్పాల్సిందీ అదే. అక్కడ ఎవరు చెబుతున్నారు?

పాత_నల్లకోటు
మార్గదర్శకాల ప్రకారం వెరిఫికేషన్ బాధ్యత కంపెనీది. అయినా విడుదలైన తేదీ నుంచి లెక్కిస్తేనే...

ఎల్బీనగర్_అమ్మ
లాయర్ గారూ, దయచేసి ఆపండి. ఉప్పల్ అన్నా, ఆ బండి నంబరు ఇక్కడ పెట్టండి.

గేర్_బాక్స్
అన్నా, జవాబివ్వండి.

ఉప్పల్_డ్రైవర్
ఇప్పుడే డ్యూటీ దిగాను. నంబరు ఇవ్వలేనమ్మా, మా ఆవిడ నా ముఖం చూడదు. రేపటి నుంచి రాత్రి ట్రిప్పులు మాన్పిస్తాను. ఎయిర్‌పోర్టు పగటి ట్రిప్పులు మాత్రం చేయిస్తాను. దానికి నేను పూచీ.

ఎల్బీనగర్_అమ్మ
మీరెవరో కూడా నాకు తెలియదు అన్నా.