హెచ్‌పీవీ టీకా చీటీ వచ్చింది: సంతకం పెట్టాలా, వద్దా?

కొత్తగూడెం నాన్న:
ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి డైరీలో బడివాళ్లు చిన్న చీటీ అంటించి పంపారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకా గురించి. "శనివారం హెచ్‌పీవీ టీకా శిబిరం. సంతకం చేసి పంపగలరు." అంతే. ఎన్ని డోసులు, ఎవరు వేస్తారు, ఒంట్లో తేడా చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఒక్క ముక్క లేదు.

మాది కొత్తగూడెం. 2009లో ఒక పరిశోధన కింద ఇదే టీకాను అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు వేశారు. వాళ్లలో హాస్టల్ పిల్లలు, గిరిజన పిల్లలు చాలామంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క చూడండి: 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు. అది తెలిసినవాణ్ని, ఈ చీటీ మీద ఎలా సంతకం పెట్టను?

వార్డు నర్సు:
అన్నా, మీ కోపం న్యాయమే. కానీ అది టీకా మీదికి మళ్లకూడదు. అప్పుడు ఆ పరిశోధన జరిగిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి టీకా వేసుకున్న 7 మంది పిల్లలు చనిపోయారు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలే విచారణలో కనిపించాయి, టీకాతో ముడి తేలలేదు. అంగీకారం తీసుకున్న తీరునే తప్పుపట్టారు.

నేను క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. మొన్న నలభై దాటిన ఒకావిడ వచ్చింది. ఏడాదిగా ఎర్రబట్ట అవుతుంటే "ముట్లు ఆగిపోయే వయసు కదా" అనుకుందట. వాసన వస్తుందని పక్కమంచం వాళ్లకు ఎడంగా ముడుచుకుని పడుకుంటుంది. మన దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఏటా దాదాపు 80 వేల మంది పోతున్నారని 2022 అంచనా. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న 1988–96 మధ్య పుట్టిన ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ ఒక్కరికీ కనబడలేదు.

భద్రాచలం టీచరమ్మ:
చెల్లీ, "ముడి తేలలేదు" అన్న మాట ఆ తల్లిదండ్రుల గుమ్మం దాకా వచ్చి చెప్పిందెవరు? టీకా వేశాక పిల్లలకు ఏమైందో సరిగ్గా రాసిపెట్టుకునే ఏర్పాటు కూడా లేదని అదే స్థాయీ సంఘం అంది. ముందు ఊరూరా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ పరీక్షలు చేయండి. మా పిల్లలే ఎందుకు మొదట?

వార్డు నర్సు:
పరీక్షలూ కావాలి అక్కా. టీకా అన్ని రకాల వైరస్‌నూ ఆపదు, అందుకే వేయించుకున్నవాళ్లూ పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ ఆపేస్తే ఏమవుతుందో జపాన్‌ను చూడండి. 2013లో దుష్ప్రభావాల వార్తలతో ప్రభుత్వం సిఫారసు వెనక్కి తీసుకుంది. టీకా వేయించుకునే పిల్లలు 70 శాతం దాకా ఉన్నది ఒక్క శాతం లోపుకు పడిపోయింది. మళ్లీ సిఫారసు చేసేసరికి 2022 వచ్చింది. ఆ తొమ్మిదేళ్ల పిల్లలు ఏం పాపం చేశారు?

ఇంకొకటి. ఖమ్మం గొడవతో 2010లో మన దేశంలో మరో పెద్ద హెచ్‌పీవీ పరిశోధన కూడా మధ్యలో ఆగింది. వేలమంది పిల్లలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వాళ్లను దాదాపు పదేళ్లు గమనిస్తే, ఈ క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే 16, 18 నంబర్ల హెచ్‌పీవీ రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే ఇంచుమించు మూడు డోసులంత కాపాడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు చాలనడానికి ఈ ఆధారమూ తోడైంది.

డబ్లిన్ వాసి:
ఇక్కడ ఐర్లండ్‌లోనూ పుకార్లతో టీకా వేయించుకునేవాళ్ల సంఖ్య 87 శాతం నుంచి 51కి దిగింది. లారా బ్రెన్నన్ అనే అమ్మాయి తనకే ఈ క్యాన్సర్ ముదిరిందని తెలిశాక టీవీల్లోకి వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడింది. 2019లో, 26 ఏళ్లకే పోయింది. ఆమె మాట విన్నాక జనం మళ్లీ కదిలారు. మా అమ్మాయికి బడిలోనే వేశారు. ముందుగా ఇంటికి కరపత్రం, అంగీకార పత్రం వచ్చాయి. తీరిగ్గా చదివాకే సంతకం పెట్టాం.

కొత్తగూడెం నాన్న:
రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. "మరి నన్నెవరూ అడగలేదేం నాన్నా?" అంది. చీటీ వెనక నా ప్రశ్నలు నాలుగు, దానిది ఒకటి రాసి పంపాం. జవాబు వస్తే శనివారం నేనే దగ్గరుండి వేయిస్తాను.

భద్రాచలం టీచరమ్మ:
వేయించు తమ్ముడూ. 2009లో మా హాస్టల్ గేటు దాకా అలా అడగడానికి ఒక్క నాన్నా రాలేదు. టీకా సంగతి వాళ్లకు కబురే చేయలేదు.