‘కష్టం’ అనాలా, ‘ఇబ్బంది’ అనాలా, ‘చాతనైతదా’ అనాలా?

గ్రూపులో నల్లగొండ, పాలమూరు వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. నేను ఫిజియోథెరపిస్టుని. కీళ్ల నొప్పులు, పక్షవాతం, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో వాళ్ల నోటితోనే తెలుసుకోవడానికి ఒక ప్రశ్నపత్రం తయారు చేస్తున్నాం. ఎక్స్‌రేలో ఏముందో డాక్టరు చెబుతాడు. పొద్దున లేచి చెంబు పట్టుకుని బయటికి పోవడం ఎలా ఉందో ఆ మనిషే చెప్పాలి.

ఈ పనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ‘హూడాస్ 2.0’ అనే ప్రశ్నపత్రం ఉంది. పెద్దదాంట్లో 36 ప్రశ్నలు, చిన్నదాంట్లో 12. గత 30 రోజుల్లో ఫలానా పని చేయడం మీకు ఎంత కష్టమైంది అని అడుగుతుంది. అస్సలు లేదు నుంచి చేయలేకపోయాను వరకు జవాబుకు ఐదు మెట్లు. మా చిక్కంతా ఆ ‘ఎంత కష్టమైంది’ దగ్గరే.

మర్రిగూడ వైపు ఒక పెద్దాయనను ‘నడవడం కష్టంగా ఉందా’ అని అడిగితే, ‘కష్టం జెయ్యకుంటె ఎట్ల బతుకుత బిడ్డా, రోజు పోతనే ఉన్న’ అన్నాడు. ఆయనకు కష్టమంటే కూలి పని. ‘ఇబ్బంది’ అంటే ఒకామె అప్పుల సంగతి ఎత్తుకుంది. ‘చాతనైతదా’ అంటే ‘జెరమొచ్చినప్పటి సంది చాతనైతలేదు’ అని ఇంకొకామె. మూడూ అందరికీ తెలిసిన మాటలే, మూడూ మూడు దార్లు పట్టాయి. మీ ఊళ్లో ఏమంటారు?

దేవరకొండ నుంచి: మా దిక్కు తిప్పలు అంటం మేడం. ‘మెట్లెక్కుడు తిప్పలైతుందా’ అంటే ముసలోళ్లకు గూడ చప్పున అందుతది. పైసల తిప్పలు గూడ ఉంటయ్ గనీ, పని పేరు ముందు చెప్పి తర్వాత తిప్పలు అడగండి, అటు పోరు. మీరు ‘ఇబ్బంది ఉందా’ అని మొదలుపెడితే ఎవరైనా అప్పులే చెప్తరు.

హైదరాబాద్ నుంచి: నాది భిన్నాభిప్రాయం. జిల్లాకో మాట పెట్టుకుంటూ పోతే రేపు నల్లగొండ అంకెను గుంటూరు అంకెతో ఎలా పోలుస్తారు? ప్రామాణిక భాషలో ఒకే పత్రం ఉండాలి. ‘కష్టం’ అందరికీ తెలిసిన మాట. అనువాదం చేశాక వేరేవాళ్లతో తిరిగి ఇంగ్లీషులోకి చేయించి సరిచూస్తారు కదా, అది చాలు.

పోస్టు పెట్టినామె: సార్, తిరుగు అనువాదంలో ‘కష్టం’ ఎప్పుడూ పాసవుతుంది. చేసేది చదువుకున్నవాళ్లే కాబట్టి అసలు ఇంగ్లీషు మాటే తిరిగొస్తుంది. మర్రిగూడ పెద్దాయన చెప్పింది అందులో కనబడదు. అందుకే ప్రశ్న అడిగాక ‘నేనడిగింది మీకేమర్థమైంది, మీ మాటల్లో చెప్పండి’ అని ఇంకోసారి అడుగుతాం. జవాబు వింటేనే లొసుగు తెలుస్తుంది. రెండు జిల్లాల అంకెలు పోల్చాలంటే ప్రశ్న రెండు చోట్లా ఒకే అర్థంతో చేరాలి. అచ్చులో ఒకే అక్షరాలున్నంత మాత్రాన అది జరగదు.

ఇంకొకటి. మనుషుల్ని ‘మీకు వైకల్యం ఉందా’ అని అడిగితే చాలామంది లేదంటారు. వైకల్యం లెక్కలు ఎలా తీయాలో చూడడానికి ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం కింద 2001లో మొదలైన వాషింగ్టన్ గ్రూప్ వాళ్ల ఆరు ప్రశ్నల్లో ఆ మాటే ఉండదు. చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, తన పనులు తాను చేసుకోవడం, మాట్లాడి అర్థం చేయించడం. వీటిలో ఎంత ఇబ్బంది అని మాత్రమే అడుగుతారు, అదీ నాలుగే మెట్లలో. మనం కూడా ఆ దారిలోనే పోతున్నాం.

వనపర్తి నుంచి: అక్కా, మాట సంగతి సరే, మెట్ల సంగతి చూడండి. ‘స్వల్పంగా, మధ్యస్థంగా, తీవ్రంగా’ అని రాస్తే మా అమ్మ నవ్వుతది. ‘మధ్యస్థంగా’ అని ఎవరన్నా మాట్లాడంగ విన్నరా? దాని బదులు ‘మామూలుగా’ పెడ్తే ఇంకా పాడు. మామూలంటే ఏం లేదు, ఎప్పటిలెక్కనే ఉందని. ‘పర్లేదు’ గూడ అంతే. ‘ఓ మోస్తరు’ పెట్టండి. వానల వార్తల్ల విని విని అందరికీ తెల్సు. ఏం లేదు, జరంత, ఓ మోస్తరు, మస్తు, మొత్తానికే కాదు. ఐదూ సరిపోయినయ్.

పోస్టు పెట్టినామె: ‘ఓ మోస్తరు’ నాకు తట్టలేదు, చాలా బాగుంది. ‘మస్తు’ మీద ఒక చిన్న అనుమానం. మెచ్చుకునేటప్పుడు కూడా మస్తే అంటాం కదా. ‘శానా’ అయితే రెండు దిక్కుల వాళ్లకూ సరిపోతుందేమో.

అచ్చంపేట నుంచి: ‘చేస్తారా’ అని అడుగుతున్నారా, ‘చేయగలరా’ అని అడుగుతున్నారా? మా నాయిన జన్మలో అన్నం వండలేదు. ‘వంట చేసుకుంటారా’ అంటే లేదంటడు. మీ లెక్కలో ఆయన మంచం పట్టినట్టే. మా పక్కింటి అవ్వకు మోకాళ్లు లేవవు, అయినా కోడలు బొంబాయి పోయింది కాబట్టి పొయ్యి దగ్గర గంటసేపు కూసుని వండుతది. ఆమెను ఏ లెక్కలో వేస్తరు?

పోస్టు పెట్టినామె: ఈ ప్రశ్నకు దండం. చేయగల శక్తి వేరు, తన ఇంట్లో తన పరిస్థితిలో నిజంగా చేస్తున్నది వేరు. మనిషి ఆరోగ్యాన్ని, పనులు చేసుకునే తీరును వర్గాలుగా రాసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ‘ఐసీఎఫ్’ ఈ రెండింటినీ విడదీసింది. మీ నాయినలాంటి వాళ్ల కోసం ‘ఎప్పుడూ చేయని పని, వర్తించదు’ అని ఒక గడి పెట్టాం. అవ్వది ‘చేస్తది, శానా తిప్పలతో’. వలస పోయిన ఇళ్లలో ఇలాంటి అవ్వలే ఎక్కువ. ‘చేయగలవా’ అంటే వాళ్లు అవునంటారు, మోకాళ్ల బాధ పత్రంలోకి ఎక్కదు.

పనుల ఎంపికలో కూడా ఇదే తంటా. కీళ్లవాతానికి స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 1980లో తెచ్చిన ‘హాక్’ పత్రంలో ‘మాంసం కోసుకోగలరా’, ‘కొత్త పాల డబ్బా తెరవగలరా’ అని ఉంటాయి. ఇక్కడ మాంసాన్ని ముక్కలు కొట్టి ఇచ్చేది దుకాణం వాడే. మేము వాటి బదులు జొన్నరొట్టె చేయడం, బిందె చంకనెత్తుకోవడం, గొంతుకూర్చుని లేవడం, సక్లముక్లం (బాసింపట్టు) పెట్టి బంతిలో కూర్చోవడం రాసుకున్నాం. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపూసలు బిగుసుకుపోతాయి. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. అది బయటి ఏ పత్రంలోనూ నాకు కనబడలేదు, చేర్చాం. ‘కూర్చోవడం, లేవడం’ ఒకే ప్రశ్నలో పెట్టొద్దు. కూర్చునే వరకు బాగానే ఉండి లేవలేనివాళ్లు ఏం చెప్పాలి?

నకిరేకల్ నుంచి: నేను ఊళ్లల్ల సర్వేలు చేసిన. రెండు మాటలు చెప్త. ఒకటి, ఇరవై ఏండ్ల నుంచి నడుము వంగినోళ్లు ‘ఏం తిప్పల్లేదు, అలవాటైంది’ అంటరు. రెండోది, కాగితం పట్టుకొని పోతే వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు అనుకుంటరు. పింఛను రావాల్నంటే వైకల్యం 40 పర్సెంటన్న ఉండాల్నని అందరికీ ఎరికే. అప్పటిదాంక నడిచిన మనిషి సుత మూలుగుడు షురూ చేస్తడు. పింఛనుకు దీనికి సంబంధం లేదని ముందే చెప్పాలె, అది గూడ సర్కారు భాషల గాదు. ఇంకోటి, అవ్వను అడిగితే కొడుకు జవాబు చెప్తడు. ఆయన్ని చాయ్ తెమ్మని పంపాలె.

పోస్టు పెట్టినామె: చాయ్ ఉపాయం శిక్షణ పుస్తకంలో రాసుకుంటున్నా. అలవాటైందన్నవాళ్లకు ‘అంతకుముందు ఎట్ల చేసేవారు, ఇప్పుడెట్ల చేస్తున్నారు’ అని ఒక ముక్క చేర్చి చూస్తున్నాం. గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, రెండు సార్లు ఆగి, అని అప్పుడు బయటికొస్తుంది. 30 రోజులకు కూడా ‘పోయిన అమాస సంది ఈ అమాస దాకా’ అంటున్నాం. తారీకులు చెబితే నిన్న మొన్నటి సంగతే చెబుతున్నారు.

ఇంకొక్కటి మిగిలింది. హూడాస్‌లో, ఆరోగ్యం బాగా లేకపోవడం మనసు మీద ఎంత పనిచేసిందని ఒక ప్రశ్న. ‘మానసికంగా ఎంత ప్రభావితమయ్యారు’ అని రాసిన కాగితం చూస్తే నాకే చదవబుద్ధి కాలేదు. పైగా ‘మానసికం’ అనగానే పిచ్చి గురించి అడుగుతున్నారనుకుంటారు. రంది అంటే దిగులే కదా, ‘దీనితోని మీకు ఎంత రంది అయింది’ అని అడిగితే?

దేవరకొండ నుంచి: రంది ఖాయం చేసుకోండి.

వనపర్తి నుంచి: నాకైతే రంది అంటే పెండ్లికెదిగిన బిడ్డ గురించో, దూరం పోయిన కొడుకు గురించో పెట్టుకునేది. తన మోకాలి గురించి రంది పెట్టుకుంటరా? ‘మనసు కరాబైందా’ అని అడిగి చూడండి.

నకిరేకల్ నుంచి: ఎందుకు పెట్టుకోరు? ‘మంచాన పడితె నన్నెవరు చూస్తరు’ అనేదే మా దగ్గర పెద్ద రంది. రెండూ అడగండి మేడం, పది మందిని ఒకటి, పది మందిని ఇంకోటి. ఏదానికి కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంటరో అది కాదు, ఏదానికి తిరిగి ‘అంటే ఏంది బిడ్డా’ అని అడగరో అది పెట్టండి.