చెట్ల కింద పట్టిన వాన నీళ్లు: ఒక్క సీసా లెక్కే ఎందుకు తప్పుతోంది?

పీజీ ప్రాజెక్టు కోసం జులై నుంచి మన్ననూరు దగ్గర అడవిలో, అనుమతి తీసుకునే, వాన నీళ్లు పడుతున్నా. టేకు చెట్ల కింద ఆరు సీసాలు, బయట ఖాళీ జాగాలో రెండు. జర్మనీలోని సోలింగ్ కొండల్లో, బీచ్ (beech) అనే చెట్ల అడవిలో 1960ల చివర్లో మొదలుపెట్టిన కొలతల్లాంటివే ఇవి: ఆకుల మీంచి కారిన నీళ్లను బయటి వానతో పోల్చడం.

బయటి సీసాల్లో వాహకత (నీళ్లలో లవణాలు ఎంత కరిగాయో చెప్పే విద్యుత్ కొలత) సెంటీమీటరుకు 18–25 మైక్రోసీమెన్స్. చెట్ల కింద ఐదింటిలో 50–70. ఆకుల నుంచి పొటాషియం దిగుతుంది కాబట్టి అది సరే. నాలుగో సీసాలో మాత్రం ప్రతి వానకూ 160 దాటుతోంది. పీహెచ్ 6.4 ఉన్నది తెల్లారేసరికి 7.3 అవుతోంది. నీళ్లు పలచటి డికాక్షన్ రంగు.

గరాటుకు నైలాన్ జాలీ కట్టాను, సీసా మార్చాను, నల్ల గుడ్డ చుట్టాను. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ కడిగిన నీళ్లూ కొలిచాను, వాహకత 2 మాత్రమే వచ్చింది. మీటరు క్యాలిబ్రేషన్ బాగానే ఉంది. పోయిన వారం జాలీ అంచున గోరంత తెల్లటి మరక కనిపించింది. పిట్ట రెట్టేమో, కానీ చూసింది ఆ ఒక్కసారే. సరైన కారణం లేకుండా ఆ సీసా తీసేయడం నాకు ఇష్టం లేదు.

రెట్ట కలిసిందా, ఆకుల నుంచే దిగిందా తేల్చాలంటే అమ్మోనియా, ఫాస్ఫేట్‌లలో ఏది కొలవాలి?